కిటికీ సీటు మీద నీ తువ్వాల

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. ఊరూరా బస్సు మారుకుంటూ కన్యాకుమారి దాకా పోదామన్నావు కదా, పొద్దున ఒక్కదాన్నే సంచి భుజాన వేసుకుని బయలుదేరాను. ఎల్బీనగర్ కూడా దాటలేకపోయాను.

మనిద్దరిలో బోర్డు చదివేది నువ్వు, కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టేది నేను. సూర్యాపేట బస్సని ఎవరో చెబితే నీ ఎర్రంచు తువ్వాల వేశాను. తలుపు దగ్గర జనం నన్ను ఎక్కనివ్వలేదు.

"అవ్వా, జర జరుగు. ఎనక ఇంకో బస్సొస్తది," అన్నాడు కండక్టర్.

"పొద్దుగాల సంది గదే మాట! మీ అవ్వనైతే గిట్లనే ఇడిచిపెడ్తవా?"

"మా అవ్వ ఇంటికాడ్నే కూసుంటది," అని రైట్ అంటూ బెల్లు కొట్టాడు.

నా సీటు లోపలుందని అరుస్తూ బస్సు వెంట ఉరికాను. ఆగలేదు.

బస్టాపులో డ్యూటీలో ఉన్న ఆర్టీసీ ఆయన్ని పట్టుకుని నిలదీశాను. "బస్సు నంబరేందవ్వా?" అన్నాడు. చదివేదానివి నువ్వు, నేనేం చెప్పను?

నీ గుడ్డల్లో ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది ఆ తువ్వాల ఒక్కటే. తప్పెవరిదో నువ్వే తేల్చు. నేనిక్కడే ఉండిపోయాను. నీకు మాత్రం కిటికీ సీటు దొరికింది.