నాలుగున్నర దాకా ఆ తలుపు

ప్రియమైన నాన్నకి,

ఫోన్‌లో "బాగున్నావా, తిన్నావా" అనేసి వెంటనే అమ్మ చేతికి ఇచ్చేస్తావు. అందుకే ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

మొన్న మా సందులో దొంగలు పడ్డారు. నా గదికి రెండిళ్ల అవతల, అదీ పట్టపగలు పదకొండు గంటలకి. తలుపుని ఒక్క తన్ను తన్నారట, అంతే. టీవీ, కుక్కరు, చివరికి గోడ గడియారం కూడా పట్టుకుపోయారు.

నా గది కింది అంతస్తులో సందు వైపే ఉంది కదా. తాళం తిప్పాలంటే తలుపుని భుజంతో తోయాలి. కిటికీ పక్కకి జరిగే రకం. బయటినుంచి తోసినా జరుగుతుందని నిన్ననే కనిపెట్టాను. నువ్వు కొనిచ్చిన కంప్యూటర్ సరిగ్గా దాని ముందే ఉంది. ఇనుప గ్రిల్ పెట్టించమని ఇంటాయనని అడిగితే, తన ఇంట్లో దొంగలకి పనికొచ్చేది ఏమీ లేదని నవ్వేశాడు. నా అంతట నేను పెట్టించుకునే స్తోమత లేదు.

దీనికి తోడు ఎదురింటావిడ ఒకరు. చొక్కాల కంపెనీకి గుండీలు కుట్టిపెడుతూ పొద్దస్తమానం కిటికీలోనే కూర్చుంటారు. అందరూ గుండీల పిన్నిగారంటారు. నేను గడప దాటితే ఎక్కడికని అడుగుతారు, తిరిగొస్తే ఇంత ఆలస్యమేమని అడుగుతారు. దొంగల కంటే ఆవిడ చూపులే ఎక్కువ గుచ్చుకుంటున్నాయి.

అయినా ఈ గదంటే నాకు ఇష్టం నాన్నా. నాదంటూ ఒక తలుపు దొరకడం ఇదే మొదటిసారి. దాన్ని ఎలా కాపాడుకోవాలో తాళాలవాడివి నువ్వే చెప్పాలి.

నీ గడియ

*

నా చిన్న గడియకి,

ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ముందే చెప్పేస్తున్నాను. నెల్లాళ్లలో ఆ గది భద్రంగా ఉందని నాకు నమ్మకం కుదరకపోతే, మీ అత్తయ్య ఇంటికి మారిపోవాలి. కాలేజీకి రెండు బస్సులు మారాలని నాకూ తెలుసు. అత్తయ్య అప్పుడే నీ కోసం వెనక గది ఊడుస్తోంది.

సరే, పని విను. గ్రిల్ సంగతి మర్చిపో. తలుపు వేసినప్పుడు తాళం నాలుక దూరే ఇనుప పట్టీ గుమ్మానికి ఉంటుంది, చూడు. దానికి నీ చిటికెన వేలి గోరంత స్క్రూలు ఉంటాయి. ఒక్క తన్నుకి ఊడొచ్చేవి అవే, తాళం కాదు. వాటిని తీసి నీ మధ్యవేలంత పొడుగువి బిగించు, గుమ్మం దాటి గోడలో దిగాలి. పాత చీపురు కర్ర ఒకటి కిటికీ గాడికి సరిపడా కోసి అందులో పడుకోబెట్టు. ఇక అవతలివాడు ఎంత తోసినా అది జరగదు. కంప్యూటర్‌ని వెనక గోడకి మార్చు. అది వచ్చిన అట్టపెట్టె ఇంకా ఉంటే ముక్కలు చేసి పారెయ్, ఫలానా వస్తువు మా ఇంట్లో ఉందని వీధికి చాటింపు వెయ్యకు. పూలకుండీ కింద తాళం చెవి పెట్టే అలవాటు ఇక్కడ ఉండేది, అక్కడా ఉంటే మానేయ్.

ఏ తాళమూ దొంగని ఆపదు తల్లీ, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో ఎవరో ఒకరు చూడాలి. అందుకని ఆ పిన్నిగారితో స్నేహం చెయ్యి.

నేను బిగించిన ప్రతి తాళాన్నీ బయట నిలబడి దొంగలా ఒకసారి ప్రయత్నించాకే ఇంటివాళ్లకి చెవి ఇస్తానని నీకు తెలుసు. ఇప్పుడు ఇంత దూరంనుంచి ఉత్తరంతో బిగిస్తున్నాను. అదే నా బాధ.

ఆశీస్సులతో
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

అరచేతిలో రెండు బొబ్బలు, గుమ్మానికి నాలుగు స్క్రూలు. మూడోది సగంలో మొండికేస్తే సబ్బు రాసి తిప్పాను. చిన్నప్పుడు నీ దుకాణంలో చూసింది గుర్తొచ్చింది. చీపురు కర్ర ఒకసారి పొట్టిగా కోసి పాడుచేశాను, రెండోది అతికినట్టు కూర్చుంది. కంప్యూటర్ వెనక గోడకి వెళ్లింది. పూలకుండీ కింద ఇప్పుడు చీమలు తప్ప ఏమీ లేవు. తాళం మాత్రం ఇంకా భుజం అడుగుతూనే ఉంది.

స్టూలు అరువు అడగడానికి పిన్నిగారింటికి వెళ్లాను. స్టూలు ఇచ్చి, సూది కూడా ఇచ్చారు. ఆదివారమంతా ఇద్దరం గుండీలు కుట్టాం. ఆవిడ పది కుట్టేలోపు నేను మూడు, అందులో ఒకటి తలకిందులు. తాళాలాయన కూతుర్ని గనక నువ్వు నన్ను గడియ అంటావని చెబితే తెగ నవ్వారు.

ఎందుకలా అందర్నీ అడుగుతారని అడిగేశాను. చాలా ఏళ్ల కిందట ఆవిడ ఊళ్లో లేనప్పుడు దొంగలు ఇంట్లో సామానంతా బండికి ఎక్కించారట. సందంతా నిలబడి చూసిందట, ఇల్లు మారుతున్నారు కాబోలు అనుకున్నారట. "ఎక్కడికి అని ఒక్కరు, ఒకే ఒక్కరు అడిగి ఉంటే నా కుట్టుమిషను నాకు మిగిలేది" అన్నారు. అప్పటినుంచి ఆవిడే అందర్నీ అడుగుతున్నారు.

ఇప్పుడు నేను బయల్దేరేటప్పుడు ఆవిడ అడగక్కర్లేదు, నేనే చెబుతున్నాను. నాలుగున్నరకి వస్తానని.

అత్తయ్యని గది ఊడవద్దని చెప్పు.

నీ గడియ

*

నా చిన్న గడియకి,

సబ్బు సంగతి చదివి మీ అమ్మకి రెండుసార్లు వినిపించాను. మూడోసారికి లేచి వెళ్లిపోయింది. నా చొక్కా రెండో గుండీ ఊడి నెలయింది, నువ్వు ఊరివాళ్లందరికీ కుడుతున్నావని ఆవిడ ఎత్తిపొడుపు.

పని బాగానే చేశావు. కానీ కంటితో చూడనిదే ఒప్పుకోవడం నా వల్ల కావడం లేదు. అత్తయ్య గది అలాగే ఉండనీ.

వచ్చే వారం ఒక బడికి తాళాలు బిగించడానికి పొరుగూరు వెళ్తున్నాను. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకు.

ఆశీస్సులతో
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం రాయకుండా ఉందామనుకున్నాను. రాయకపోతే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

గురువారం మధ్యాహ్నం, నేను కాలేజీలో ఉండగా ఎవడో నా తలుపు దగ్గరికి వచ్చాడు. టోపీ, చేతిసంచీ. చాలాసేపు తాళంతో కుస్తీ పట్టాడట. పిన్నిగారు వెళ్లి తరిమేశారు. నేను వచ్చేసరికి ఆవిడ తాపీగా గుండీలు కుడుతున్నారు. భయం వేయలేదా అంటే, పాపం మెతక మనిషి అన్నారు, నవ్వుతూ. ఆవిడ ధైర్యం నాకు రాదు. గుమ్మం పట్టీ చెక్కుచెదరలేదు, కర్ర కదల్లేదు, వస్తువులన్నీ ఉన్నాయి. తాళం మాత్రం రెండు వేళ్లతో తిరుగుతోంది. వాడు కెలికి కెలికి వదులు చేసి ఉంటాడు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. అయినా వచ్చాడు. పుస్తకాలు పెట్టెలో సర్దుతున్నాను. నువ్వు ఎప్పుడు వెళ్లమంటే అప్పుడు అత్తయ్య ఇంటికి వెళ్తాను. పిన్నిగారికి ఇంకా చెప్పలేదు.

నీ గడియ

*

నా చిన్న గడియకి,

పుస్తకాలు బయటికి తియ్యి. ఆ టోపీవాడు నేనే.

పొరుగూళ్లో బడీ లేదు, తాళాలూ లేవు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాను. తలుపుని భుజంతో రెండుసార్లు గుద్దాను. గుమ్మం నన్ను లెక్కచెయ్యలేదు, భుజం ఇంకా నొప్పిగానే ఉంది. కిటికీ కూడా అంతే. తాళం మాత్రం తీశాను, అది నా వృత్తి. తీసినవాణ్ణి ఊరుకోక దాన్ని విప్పి, తుడిచి, పెన్సిల్ ముల్లు పొడి వేసి మళ్లీ బిగించాను. అదిగో, అక్కడ దొరికిపోయాను.

వెనకనుంచి కత్తెర చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే పిన్నిగారు. ఈ గదిలో పిల్ల నా కూతురని చెప్పాను. "దొంగలందరూ ఎవరికో ఒకరికి నాన్నలే. ఆ పిల్ల నాలుగున్నరకి వస్తుంది. అప్పటిదాకా ఈ తలుపు నాది" అన్నారు. మా అమ్మాయిని నేను ఏమని పిలుస్తానో చెప్పమన్నారు. చెప్పాను. అప్పుడు కత్తెర దించి, నన్ను ఎగాదిగా చూసి, కూర్చోబెట్టి చొక్కాకి గుండీ కుట్టారు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న పిల్లని నమ్మలేదేమయ్యా అని కుట్టినంతసేపూ చివాట్లు పెట్టారు. తలొంచుకుని విన్నాను. వచ్చింది నేనని నీకు చెప్పొద్దని బతిమాలి, నువ్వు రాకముందే బస్సెక్కేశాను. ముఖం చెల్లలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. బస్సులో వస్తున్నప్పుడు, నీ తలుపులో ఏదైనా లోపం దొరికితే బాగుండునని లోపల ఎక్కడో అనుకున్నాను. అత్తయ్య ఇల్లు మనకి దగ్గర కదా. దొరకలేదు. తిరుగు బస్సులో అందుకు దిగులేస్తుందనుకున్నాను. హాయిగా నిద్రపోయి మన స్టాపు దాటిపోయాను.

ఆ గదిలోనే ఉండు. అత్తయ్య వెనక గదిలో ఉల్లిపాయలు పోసుకుంది. గుండీ చూసి మీ అమ్మ రెండు రోజులు ఆరా తీసింది. ఈ ఉత్తరం చూపించాక తేలికపడింది.

కవరు అడుగున ఒక తాళం చెవి ఉంది. తాళం విప్పినప్పుడు కొలత తీసుకుని, దుకాణంలో చేశాను. అది నీకు కాదు. ముప్పై ఏళ్లలో ఒకరింటి చెవి ఇంకొకరి కోసం చెయ్యడం ఇదే మొదటిసారి. నీకు సమ్మతమైతే, రేపు కాలేజీకి వెళ్తూ పిన్నిగారి కిటికీలో పెట్టు.

ఆశీస్సులతో
మెతక దొంగ