షావుకారు పేరు చెబితేనే

వాండెరా అన్నకు,

బుసియా సరిహద్దు దాటే చిన్న వ్యాపారులకు సుంకం లేదని నైరోబీలో మీ ఆఫీసు రూలు పెట్టింది. అప్పట్నుంచి ఎగెసా షావుకారు లారీ చక్కెరను మూటలు కట్టి ఆడవాళ్ల నెత్తిన దాటిస్తున్నాడు. గేటు ఆఫీసరుకు మామూళ్లు ముడుతున్నాయి. మా అమ్మ, అదే నీ పిన్ని, తన టమాటా గంపతో వెళ్తే మాత్రం ఆపాడు.

“ఎవరి సరుకమ్మా?”

“నాదే బాబూ.”

“నీదే అయితే అలా ఎండలో కూర్చో.”

గంపెడు టమాటాలూ కుళ్లాక, మర్నాడు ఇంకో గంపతో వెళ్లి అమ్మ ఎగెసా పేరు చెప్పింది. వెంటనే వదిలారు. ఆ పేరు వాడుకున్నందుకు ఇప్పుడు గంప మానేసి అతని చక్కెర మోస్తోంది. మెడ తిప్పలేకపోతోంది. మీ లెక్కల్లో ఆమె ఇంకా సొంత వ్యాపారే.

రూలు గురించి గొప్పలు ఆపి, నువ్వే గేటుకొచ్చి ఆమె గంప ఆమెదేనని చెప్పు. నేను చెబితే “నువ్వెవరి మనిషివిరా?” అంటున్నారు.

లారీలకు సరుకెత్తే నీ తమ్ముడు