చౌరస్తాలో నా ముఖం

ఎల్బీనగర్,
24-9-2011

బిడ్డా సుచిత్రా,

నువ్వూ అల్లుడూ పిల్లలూ ఆ భివండిలో చల్లగా ఉండాలని రోజూ మొక్కుకుంటున్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. మనది రెండు గదుల ఇల్లు. ఫోన్‌లో చెబితే మీ అన్న నరేషు వింటాడు. వాడి చావు మాట వాడి చెవిన పడకూడదు. భయపడకు, వాడు బాగానే ఉన్నాడు. భయమంతా నాదే.

పోయిన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే వడ్డించడం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె కదా. పక్కింటి పెంటమ్మ ఊరుకోలేదు. "రా వదినా, తెలంగాణ అస్తే మన నరేషుకు నౌకరి అస్తది" అని లాక్కుపోయింది. కట్టెలు పచ్చివి. ఊదీ ఊదీ పొగకు కళ్లు ధారలు కట్టాయి. ఎవరో సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాడు. కొంగుతో తుడుచుకొని అన్నం వార్చాను.

నిన్న కూరగాయలకు పోతే చౌరస్తాలో ఫ్లెక్సీ. అందులో నేను. మన ఇంటి గోడంత ముఖం. పొయ్యి లేదు, పెంటమ్మ లేదు, పొగ లేదు. వెనుక మంటల రంగు పోశారు. నా మూడో తరగతి చదువుతో కూడబలుక్కొని చదివాను. 'అమరుని తల్లి కన్నీటికి బదులేది?' అని ఉంది. కింద లీడర్ల ముఖాలు, వరుసగా నవ్వుతూ.

నాకున్నది ఒక్క కొడుకు. వాడు ఆ పూట ఇంట్లో పప్పన్నం తింటున్నాడు.

ఎటు జరిగినా ఆ కళ్లు నా వెంటే వచ్చాయి. నాకు తెలియనిదేదో ఆమెకు ముందే తెలిసినట్టుంది. నోటి మాటకే పైన తథాస్తు దేవతలుంటారంటారు. మరి గోడంత అక్షరాలకు ఉండరా బిడ్డా?

పరేషాన్‌లో ఉన్న
మీ అమ్మ
వజ్రమ్మ

ఎల్బీనగర్,
5-10-2011

సుచిత్రా, నా తల్లీ,

నా ముఖం కొత్తపేటకు, చైతన్యపురికి పాకింది. ఆటోల వెనుక కూడా అంటించారు. కిరాణా కొట్టాయన పాలకు పైసలు పుచ్చుకోడు. షేర్ ఆటోలో ఎవరో ముక్కూమొఖం తెలియని ఆడమనిషి నా చేతులు పట్టుకొని ఏడ్చింది. "నా కొడుకు ఉన్నడమ్మా" అన్నాను. "ఉంటడమ్మా, ఎటు పోతడు, అందరి మనసులల్ల ఉంటడు" అంది. ఎంత చెప్పినా బతికున్నవాణ్ని బతికించలేకపోయాను. ఇప్పుడు గల్లీలో నరేషును చూసి "గీయన చిన్నోడా?" అని అడుగుతున్నారు.

వాడు పది నిమిషాలు ఆలస్యమైతే గడపలో కూర్చుంటున్నాను. ఇక తట్టుకోలేక మన గల్లీ లీడరు దగ్గరికి పోయి, తీసేయమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"తీసుడేందమ్మా? ఇంకా పెద్దగ చేస్తున్నం. అమరుల ఇంటికి నౌకరి ఇప్పిస్త, నాదీ పూచీ. నీ పక్కన కొడుకు ఫొటో ఒక్కటి పడాలె, అంతే" అన్నాడాయన.

వెనుకనున్నవాడు తన సెల్‌ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో మన నరేషు. మెడలో దండ, ముందర దీపం.

"గీడు కాదు!" అని అరిచాను. "వీడు చిన్నోడు. పోయినోడు పెద్దోడు."

"పేరేంది?"

"కోదండం."

ఆ పేరు నా నోట ఎట్లా వచ్చిందో దేవుడికెరుక. ఫొటో లేదంటే లీడరు నవ్వాడు. "మన ఫ్లెక్సీల జోయల్ చేస్తడు తియ్. కంప్యూటర్ల లేని మనిషంటూ ఉండడు."

ఇంటికొస్తే నరేషుకు అప్పటికే తెలిసిపోయింది. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఆ నౌకరి కాగితాల మీద ఒక్క సంతకం పెట్టు. బట్టల దుకాణంల ఎన్నేండ్లు థాన్లు మోయాలె? లేనోడు సచ్చిపోతే ఎవలికి నష్టం?"

వాడు లేనివాడు కాదురా అనబోయాను. లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

తోచక రాసిన
మీ అమ్మ
వజ్రమ్మ

ఎల్బీనగర్,
23-10-2011

సుచిత్రా,

ఈ ఉత్తరం నిమ్మళంగా కూర్చొని చదువు. మీ నాయనకు తప్ప నేనెవరికీ చెప్పని మాట.

కోదండం నా తమ్ముడు. వాడు పుట్టిన వారానికే మా అమ్మ పోయింది. నాకప్పుడు ఏడేళ్లు. మగ్గం గుంట పక్కన వాణ్ని చంకనేసుకొని నూలు కండెలు చుట్టాను. అక్కా అనకపోయేవాడు, అమ్మా అనేవాడు. అరవై తొమ్మిదిలో, పదహారేళ్లప్పుడు, పోచంపల్లి నుంచి పిల్లలతో కలిసి పట్నంలో తెలంగాణ ఊరేగింపుకు పోయాడు. తిరిగి రాలేదు. మా నాయన జైళ్లు తిరిగాడు, దవాఖానలు తిరిగాడు. శవం కూడా దొరకలేదు. పోలీసులు ఇంటి మీదికి వస్తారని భయపడి, ఆ పేరు ఎత్తొద్దని మా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. కర్మలు చేయలేదు. ఏడవలేదు. ఒక్క ఫొటో లేదు.

సంతకం పెట్టనని చెప్పడానికే నరేషుతో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఫ్లెక్సీల దుకాణానికి పోయాను. లీడరు కాగితాలతో కూర్చొని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా జోయల్ "ఒక్క నిమిషం అమ్మా, అయిపోయింది" అన్నాడు. తెర మీద ఒక పక్క నా ముఖం, ఒక పక్క నరేషు ముఖం. రెండూ కలిపాడు. నా ముడతలు తుడిచాడు. నరేషు గడ్డం తీసి నూనూగు మీసం పెట్టాడు. తెర నా వైపు తిప్పాడు.

కోదండం.

పదహారేళ్ల కోదండం, బిడ్డా. చెయ్యి దానంతటదే పోయి తెరను తాకింది. ఒంటి మీద చెయ్యి వేసినట్టు వెచ్చగా ఉంది.

జోయల్ కంగారు పడ్డాడు. "ఏడుస్తున్నరేందమ్మా? ఉత్త బొమ్మ ఇది. అసలు గీయన లేనే లేడు గద."

"ఉన్నడు" అన్నాను. అందరి ముందూ మొత్తం చెప్పాను. నరేషు గోడకు ఆనుకొని వింటున్నాడు. లీడరు సెల్‌ఫోన్ చూసుకుంటూ విన్నాడు. చివరికి, "అరవై తొమ్మిదోళ్లు మా లిస్టుల రారమ్మా. పాత ముచ్చట. తారీకు ఈ ఏడాది రాసుకుందాం, ఏమంటవ్?" అన్నాడు.

సంతకం పెట్టలేదు. నా తమ్ముణ్ని రెండోసారి చంపలేను. నరేషు ఆ కాగితాలు ఆయనకే తిరిగి ఇచ్చేశాడు. దుకాణం మెట్లు దిగాక అడిగాడు, "మామకు ఏం కూర ఇష్టముండె అమ్మా?" వంకాయ అని చెప్పాను. ఎల్బీనగర్ దాకా ఇద్దరం నడిచే వచ్చాం.

మర్నాటికి నా ముఖాలన్నీ దిగిపోయాయి. ఆ కర్రలకే లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టారు. నరేషు వేళకు ఇంటికొస్తున్నాడు. ఆ భయం తీరింది.

జోయల్ ఆ బొమ్మను చిన్న ఫొటోగా తీసి, దండ లేకుండా ఇచ్చాడు. గూట్లో పెట్టుకొని రెండు రోజులు కడుపునిండా చూసుకున్నాను. మూడో రోజు చిన్న అనుమానం వచ్చింది. మా కోదండానికి పన్ను మీద పన్ను ఉండేది. నవ్వితే కనిపించేది. అది కుడివైపా, ఎడమవైపా? నలభై రెండేళ్లు కళ్లు మూసుకుంటే చాలు, కనిపించేది. ఫొటోలో వాడు నోరు మూసుకొని ఉన్నాడు. కళ్లు మూసుకుని పిలిస్తే ఇప్పుడు ఈ కాగితంలోవాడే వస్తున్నాడు. నున్నటి ముఖం. అమ్మా అనడు. పెదవి విప్పడు.

ఫొటో జోయల్‌కు తిరిగి ఇచ్చేశాను. నా ముందే చింపేశాడు. కంప్యూటర్‌లోంచి కూడా తీసేశానన్నాడు.

ఇచ్చేసి ఆరు రోజులైంది. రోజూ పిలుస్తున్నాను. ఇంకా వాడే వస్తున్నాడు. మా కోదండం రావడం లేదు.

కోదండాన్ని పెంచిన
మీ అమ్మ
వజ్రమ్మ