పది నిమిషాలల్ల కేసు రాస్తనన్నడు

నా బంగారు బిడ్డ పూజకు, మోత్కూర్ కాడికెల్లి మీ అమ్మ రాస్తున్నది. ఈడ మేమందరం మంచిగనే ఉన్నం. నువ్వు యాళ్లకు తింటున్నవని అనుకుంటున్న.

నీ ఉత్తరం అందింది. బొల్లి గొర్రె ఈనిందా అని అడిగినవ్. ఈనింది, రెండు పిల్లలు. మీ బాపు మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దిక్కు పోయి నెలాయె. చూడి గొర్లే ఇంటికాడున్నయ్. నీకు చలి పెడుతుందంటే మీ అండాలు అత్త గొంగడి పంపుతనన్నది.

ఇంకోటి అడిగినవ్. "మొన్న ఆదివారం హాస్టల్‌కు వచ్చి, నా ముఖం చూసి ఎందుకేడ్చినవమ్మా?" అని. ఫోన్ల చెప్పనీకి నోరు రాలే. గందుకే రాస్తున్న.

దానికి ముందటి బేస్తవారం గొర్లకు తుమ్మకాయ ఏస్తుంటే ఫోన్ మోగింది. పోలీసు టోపీ ఫోటో కనవడ్డది.

"పూజ తల్లివేనా? నీ బిడ్డ గంజాయితోని దొరికింది. పది నిమిషాలల్ల కేసు రాస్తం. రాస్తే చదువు ఖతం. ఫోన్ కట్ చేసినా, ఎవలకు చెప్పినా జైలే!"

ఎనకకెల్లి ఒక పిల్ల "అమ్మా, అమ్మా" అని ఏడుస్తాంది.

"సారూ, ఒక్కసారి నా బిడ్డతోని మాట్లాడియ్యున్రి" అన్న.

"టైం లేదు. పైసలు పంపితే ఇడిసిపెడ్తం. తొమ్మిది నిమిషాలే!"

వాని నోట్ల మన్నువడ! నిమిషాలు చెప్పుకుంట చెప్పుకుంట నా పాణం తోడిండు. నీ చదువుకు దాచిన నలభై వేలు ఫోన్లకెల్లే పంపిన. "సాలదు, ఇంకో యాభై" అన్నడు. చూడి గొర్లను అమ్ముదామని, ఫోన్ చెవికాడ పెట్టుకొనే గొర్ల బేరగాడు మల్లప్ప ఇంటికి ఉరికిన.

తొవ్వల మీ అత్త ఆపింది. నేను చేతులూపుకుంట ఏడుస్తుంటే ఫోన్ గుంజుకున్నది.

"ఏ ఠాణా సారూ? మేమే వస్తం" అన్నది.

వాడు బూతులు తిట్టిండు. ఆమె కట్ చేసి మీ వార్డెన్ మేడంకు ఫోన్ కొట్టింది.

"పూజనా? నా ముంగటనే లెక్కల పరీక్ష రాస్తాంది" అన్నది మేడం.

గప్పుడు తెలిసింది అది దొంగ ఫోనని. మీ అత్తనే ఫోన్ దొంగల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోన్ చేసింది, ఠాణాల కాయితం రాసిచ్చినం. కొన్ని పైసలు బ్యాంకుల ఆపిండ్రట, వస్తయో రావో. "పోలీసోళ్లు ఫోన్ల పైసలు అడగరమ్మా. ఎవలకు చెప్పొద్దు, జల్ది జల్ది అంటుండంటేనే దొంగని తెల్సుకోవాలె" అన్నడు ఠాణా సారు.

పైసలు పోయిన కోపం ఎప్పటికన్న సల్లవడతది. ఇంకో కోపం ఉన్నది, అది నన్ను తింటాంది. వాడు గంజాయి అన్నప్పుడు, నా బిడ్డ గట్ల చెయ్యదు అని ఒక్కమాట అనలే నేను. వాని మాటే నమ్మిన, బిడ్డా. ఉరుక్కుంట ఉరుక్కుంట నిన్నే తిట్టుకున్న. ఆదివారం నీ ముఖం చూస్తే గదే యాదికొచ్చింది.

రేపు ఎవలన్న నీకు ఫోన్ చేసి "మీ అమ్మకు దెబ్బలు తాకినయ్, ఎంబడే రావాలె" అంటే కదలకు. మేడంతోని ముందుగాల నాకు ఫోన్ కొట్టియ్యి. నేను ఎత్తకుంటే అత్తకు కొట్టియ్యి.

నిన్న అంగట్ల అందరి ముంగట ఇదంత చెప్పిన. "పరువు పోతది, ఊకో" అన్నది పక్కింటి గోవిందమ్మ. "దొంగతనం వానిది, పరువు నాదెందుకు పోతది?" అని గట్టిగనే అన్న. గా మాట అందరికీ చెప్పగలుగుత. నీకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. తిట్టినా మంచిదే, జవాబు రాయి బిడ్డా.

ఇట్లు,
నిన్ను అడగకుంట వాని మాట నమ్మిన
మీ అమ్మ, సైదమ్మ