తాటిదిబ్బలో లేని బావి

22-3-1964

ప్రియమైన జయకుమార్‌కు నాన్న దీవించి రాసే సంగతులు. దేవుని కృపవల్ల మేమిద్దరం క్షేమం. నువ్వూ అక్కడ వేళకు తిని ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

మీ అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది. నేనేదైనా పని చెబితే మాత్రం తిరిగొస్తోంది. నువ్వు సొంతంగా పులుసు పెట్టుకున్నావంటే అమ్మ నమ్మడం లేదు. అటు వస్తున్న కోట గంగాధరం చేత ఎండు నెత్తళ్ల చేపలు పంపుతోంది, వాటితో రుజువు చేయమంది.

ఇక నీ అసలు ప్రశ్న. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే మార్చి నెల నీ పీకల మీదికొచ్చింది. సగం కట్టిన బడిగదికి ‘పని పూర్తయినది’ అని బిల్లు రాయమంటున్నారనీ, లేకపోతే ముప్పై ఒకటితో గ్రాంటు మురిగిపోతుందనీ, అందరూ చేసేదేననీ మీ హెడ్ గుమాస్తా అన్నాడని రాశావు. ‘మీరైతే ఏం చేసేవారు నాన్నా?’ అన్నావు.

నేనూ అలాంటి బిల్లే రాశాను. ఈ మాట నీకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

మూడేళ్ల కిందటి మార్చిలో మా పంచాయతీ సమితిలో తాటిదిబ్బ పల్లెకు మంచినీటి బావి మంజూరైంది. నెలాఖరు వచ్చింది, గడ్డపార పడలేదు. “సమాధానం గారూ, డబ్బు తీసి పెడదాం, తర్వాత తవ్విస్తాం” అన్నాడు ఓవర్సీరు. మంచికే కదా అనుకుని పూర్తయినట్టు రాశాను. కాంట్రాక్టరు డబ్బు తీసుకున్నాడు, బావి తవ్వలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

తర్వాత ఆ దిబ్బవాళ్లు బావి కోసం రెండు అర్జీలు పెట్టుకున్నారు. రిజిస్టరు చూసి, ‘బావి ఇదివరకే ఉన్నది’ అని రెండూ నా చేత్తోనే తిప్పి పంపాను. నేను రాసిన అబద్ధాన్ని నేనే నమ్మాను, చూడు! నిరుడు పోలేరయ్య అనే పెద్దాయన నడిచి ఆఫీసుకొచ్చాడు.

“అయ్యా, మా దిబ్బలో బావి ఉండాదని రాసినారంట. యాడుండాదో చూపిస్తే తోడుకుంటాం. మా ఆడోళ్లు మైలు దూరం పోయి చెలమల్లో ముంచుకుంటా ఉండారు” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ రోజే కొత్త బి.డి.ఓ. పద్మనాభయ్య గారికి అంతా రాసిచ్చాను. రెండేళ్ల ఇంక్రిమెంటు ఆపారు. నిరుడు నీకు డబ్బు తగ్గించి పంపి, అమ్మకు జబ్బన్నాను. అదీ అబద్ధమే. నన్ను క్షమించు నాయనా.

అయితే పద్మనాభయ్య గారు అంతటితో ఊరుకోలేదు. కాంట్రాక్టరు దగ్గర డబ్బు కక్కించారు. ఇప్పుడు మా సమితిలో పనులు మార్చిలో కాదు, జూన్‌లోనే అప్పగిస్తున్నారు. బిల్లు పాసు చేసే ముందు దాన్ని ఆ ఊళ్లోనే చదివి వినిపించాలి. వాడుకునేవాళ్లు ఒప్పుకుని వేలిముద్ర వేస్తేనే డబ్బు. ఈసారి మురిగిపోయే గ్రాంటు చాలా తక్కువ.

కాబట్టి నువ్వు గది ఎంతవరకు లేచిందో అంతకే బిల్లు రాయి. మిగిలింది వచ్చే ఏటి పద్దులో కావాలని ఈ ఉత్తరం అందగానే కాగితం పెట్టు. నీ మీద ఎగిరితే ఎగరనీ. ఇంక్రిమెంటు లేకుండా బతకడం మీ అమ్మ నాకు నేర్పింది, నీకూ నేర్పుతుంది.

మొన్న గురువారం తాటిదిబ్బలో కొత్తగా తవ్విన బావి బిల్లు చదవడానికి నన్నే పంపారు. కాగితం విప్పబోతుంటే పోలేరయ్య చేద నా చేతికిచ్చాడు.

“ముందు తాగండయ్యా. తాగినాక రాద్దురు” అన్నాడు.

తియ్యటి నీళ్లు.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
నాన్న