నువ్వు తాగని బ్రాందీ

ఒరేయ్ రాజూ,

ఈసారి నీ తద్దినానికి కూడా చిన్నాన్న నీ విస్తట్లో బ్రాందీ సీసా పెట్టాడు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, ఈదుకుంటూ తీసుకెళ్లి అలలు దాటించాలి కదా! నువ్వేమో జన్మలో చుక్క ముట్టనివాడివి. అంత ఈతగాడు మునిగిపోయాడంటే తాగే ఉంటాడని అప్పట్లో ఆయనే తేల్చాడు. మనవాళ్లందరూ తలూపారు.

మొన్న నా కూతురు ఈత కొడుతూ స్పృహ తప్పింది. పక్కవాళ్లు లాగబట్టి బతికింది. పోర్ట్‌బ్లెయిర్‌లో డాక్టరు ఈసీజీ చూసి, "దీదీ, మీ పరివార్‌లో ఎవరైనా ఈదుతూ పోయారా?" అన్నాడు. నీ పేరు చెప్పాను. మా రక్తం చెన్నై పంపితే జన్యువులోనే లోపం ఉందని తేలింది. ఈదేటప్పుడు గుండె లయ తప్పుతుందట. నాకూ ఉంది, నాన్నకీ ఉంది. పిల్లకి మాత్రలు మొదలుపెట్టారు. నాన్న తోడబుట్టినవాళ్లూ, వాళ్ల పిల్లలూ పరీక్ష చేయించుకోవాలన్నారు.

చిన్నాన్నకు చెప్పాను. "ఆడు తాగి సచ్చాడే. మా రగతంలో రోగమేటి? పరువు తియ్యకు," అన్నాడు.

ఏటా నీ విస్తరి పట్టుకుని ఈదేది ఆయన కొడుకు నానిగాడే. వాడు చొక్కా విప్పుతుంటే విస్తరి లాక్కుని, సీసా ఇసుకలో వొంపేశాను. చిన్నాన్న నన్ను పిచ్చిదన్నాడు.

ఈ ఏడు నీ విస్తరి అలలు దాటలేదురా. నానిగాడూ దాటలేదు. రేపు వల వెయ్యడానికి మాత్రం వాణ్ని వాళ్ల నాన్నే నీళ్లలోకి దింపుతాడు.

నీ అక్క