ఎరుపు తిరిగొచ్చింది

ఝపటాపూర్, ఖరగ్‌పూర్

చెల్లి చిలకమ్మకు అన్నయ్య బోలెడు ఆశీస్సులు. ఈ ఉత్తరం నీ కోడలిచేత రెండుసార్లు చదివించుకో.

నా కన్ను పాడైందనీ, నువ్వు శుక్లాల ఆపరేషన్‌కు వెళ్లొద్దనీ కాళీపూజ అప్పుడు రాశాను కదా. అది తప్పమ్మా. నా కన్ను దివ్యంగా ఉంది.

కిందటి చలికాలంలో మా మీనాకుమారి మేడ మీదినుంచి ఆకాశంలో నాకో ఎర్రటి చుక్కను చూపించింది, దూరాన సిగ్నల్ దీపంలా. నాకు శుక్లాల ఆపరేషనయ్యాక చూస్తే మిగతా చుక్కలన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. జీవితమంతా రైలింజన్ నడిపినవాడికి ఎరుపు కనబడకపోతే ఇంకేం మిగిలింది? ఇంట్లో ఎవరికీ చెప్పలేక నీకు రాశాను.

నీ కోడలు ఫోన్ చేస్తే మీనాకు తెలిసింది. ఒకటే నవ్వు.

"నీ కన్ను కాదు నాన్నా, ఆ సుక్కే మసకేసినాది. ముసలి సుక్క అది. ఉబ్బుతాది, ముడుసుకుంటాది. కొన్నాళ్లు కనబడదు, మళ్లీ ఎలుగుతాది. నన్నొక్క మాట అడిగితే ఏటి పోనాది?"

నన్ను ఊరడించడానికి అంటోందనుకున్నాను. నిన్న చీకటి పడగానే మేడెక్కితే, చెల్లీ, అక్కడే ఉంది, ఎర్రగా, నిండుగా. మీనా కంటే ముందు నేనే వేలు పెట్టి చూపించాను.

"ఠీక్ హై డ్రైవర్‌గారూ, బండి ఆపండి" అంది.

నా మాట విని ఆగిపోయావు, ఇప్పుడూ నా మాటే విని సోమవారం ఆసుపత్రికి వెళ్లు. కట్టు విప్పగానే ఇక్కడికి రా, నీకు చూపించాలి. ఆలోగా అది మళ్లీ మసకేస్తే మాత్రం నీ కంటి మీద నింద వెయ్యకు.

మీ అన్నయ్య